కార్బొరేటర్ మారుతి 800, కొత్త ఆల్టో కె10: నడకలో తేడా ఎంత, పోషణలో తేడా ఎంత?

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడితే ఈ మధ్య రెండు ప్రశ్నలు తప్పకుండా వినిపిస్తున్నాయి. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ పోస్తే పాత బండి ఇంజన్ పాడవుతుందా? పదిహేనేళ్లు దాటిన కారును తుక్కుకు వేయాల్సిందేనా? ఈ రెండింటి వెనక అసలు టెన్షన్ ఇంకొకటి ఉంది. ఇంటి ముందున్న పాత మారుతి 800 మీద ఇంకా డబ్బు పెట్టాలా, లేక అప్పు చేసైనా కొత్త చిన్న కారు తెచ్చుకోవాలా?

దీనికి చాలామంది ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తారు. పాత బండంటే ప్రాణం పెట్టేవాళ్లు "ఇప్పటి బండ్లలో ఏముంది, అంతా రేకే" అంటారు. కొత్త బండి కొన్నవాళ్లు "పాతది పెట్రోల్ తాగుతుంది" అంటారు. నడక, మైలేజీ, మరమ్మతు, భద్రత, కాగితాలు అని విడదీసి చూస్తే ఒక్కోచోట ఒక్కో జవాబు వస్తుంది. ఆ జవాబు నెలకు మీరు తిరిగే కిలోమీటర్లను బట్టి కూడా మారిపోతుంది.

పోలికకు ఈ రెండు బండ్లే ఎందుకు

మారుతి 800 ఉత్పత్తి 1983 డిసెంబర్‌లో మొదలై 2014 జనవరిలో ఆగింది. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో బండి పొగకు హద్దులు పెట్టే బీఎస్-4 నిబంధనలు వచ్చినప్పుడు ఆ నగరాల్లో 800 అమ్మకం ఆగిపోయింది. జిల్లాల్లో మాత్రం ఇంకొన్నేళ్లు దొరికింది. ఏపీ-24, ఏపీ-22 నంబర్లతో 800లు మన రోడ్ల మీద ఇప్పటికీ కనిపించడానికి అదీ ఒక కారణం. చివరి ఏళ్ల 800ల్లో పెట్రోల్‌ను కంప్యూటర్ లెక్క ప్రకారం చిమ్మే ఇంజెక్షన్ వ్యవస్థ ఉంటుంది. ఇక్కడ మాట్లాడుకునేది 1990ల నాటి కార్బొరేటర్ బండి గురించి. గందరగోళం ఎక్కువగా దాని చుట్టూనే ఉంది.

రెండోది 2022 ఆగస్టులో వచ్చిన ఆల్టో కె10. అదే కంపెనీది, అదే తరగతి కొనుగోలుదారుల కోసం చేసిన చిన్న పెట్రోల్ కారు. రెండింటికీ మూడు సిలిండర్లే, రెండింటిలోనూ ముందు చక్రాలే లాగుతాయి. 800ను పెద్ద ఎస్‌యూవీ పక్కన పెడితే తేలేది ధరల తేడాయే. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే ముప్పై ఏళ్లలో చిన్న కారులో ఏం మారిందో తేటగా కనిపిస్తుంది.

పవర్, టార్క్, బండి బరువు

టార్క్ అంటే చక్రాన్ని తిప్పే బలం. పవర్ అంటే ఆ పని ఎంత త్వరగా చేయగలదన్న లెక్క. 800లో 796 సీసీ ఇంజన్ ఇచ్చే పవర్ 37 హెచ్‌పీ (హార్స్‌పవర్), టార్క్ 59 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు). కె10లో 998 సీసీ ఇంజన్ సుమారు 66 హెచ్‌పీ, 89 ఎన్‌ఎం ఇస్తుంది. అంకెలు చూస్తే కొత్తది పవర్‌లో దాదాపు రెట్టింపు, టార్క్‌లో ఒకటిన్నర రెట్లు. కానీ ఇంజన్ లాగాల్సింది బండి బరువును కాబట్టి బరువుతో కలిపి లెక్క వేయాలి.

800 బరువు సుమారు 650 కిలోలు, కె10 సుమారు 750 కిలోలు. ఖాళీ బండికి టన్నుకు ఎంత పవర్ అని చూస్తే 800కు 57 హెచ్‌పీ, కె10కు 88. నలుగురు పెద్దవాళ్లు, సామాను కలిపి 300 కిలోలు ఎక్కించండి. 800లో టన్నుకు 39కి పడిపోతుంది, కె10లో 63 మిగులుతుంది. ఏసీ వేస్తే కంప్రెసర్ ఇంజన్ నుంచి సుమారు 4 హెచ్‌పీ తీసుకుంటుంది అనుకుందాం. 37లో 4 పోవడం, 66లో 4 పోవడం ఒకటి కాదు. ఎండాకాలంలో ఏసీ వేసిన 800 ఫ్లైఓవర్ ఎక్కుతూ నీరసించడానికి కారణం ఇదే. దాన్ని చూసి ఇంజన్ అరిగిపోయిందని అనుకోనక్కర్లేదు.

అయితే ఊళ్లో నడిపేటప్పుడు ఈ తేడా అంతగా తెలియదు. 800 తన పూర్తి టార్క్‌ను 2,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే ఇచ్చేస్తుంది, కె10కు 3,500 కావాలి. తేలికైన బండి, తక్కువ ఆర్‌పీఎంలోనే బలం. కాబట్టి గడియారం సెంటర్ ట్రాఫిక్‌లో 800 ఇప్పటికీ చురుగ్గానే కదులుతుంది. పవర్ స్టీరింగ్ లేకపోయినా ముందు బరువు తక్కువ గనక తిప్పడం మరీ కష్టమేమీ కాదు.

తేడా బయటపడేది నార్కట్‌పల్లి దాటి 65వ నంబర్ జాతీయ రహదారి ఎక్కాకో, జడ్చర్ల దగ్గర 44వ నంబర్ రహదారి మీదకు వచ్చాకో. 800కు నాలుగే గేర్లు. 80 దాటితే ఇంజన్ గట్టిగా అరుస్తూ తిరుగుతుంది. లారీని దాటాలనుకున్నప్పుడు తొక్కడానికి యాక్సిలరేటర్‌లో మిగిలింది పెద్దగా ఉండదు. కె10కు ఐదో గేరుంది, పవర్ కూడా మిగులుతుంది. డివైడర్ లేని రెండు లేన్ల రోడ్డు మీదైతే, దాటడానికి పట్టే సమయం తగ్గితే ఎదురు లేన్‌లో ఉండే సమయమూ తగ్గుతుంది. ఈ ఒక్క విషయంలో నాకు ఏ సందేహమూ లేదు: రెండు లేన్ల రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లకు కొత్త బండి పవర్ షోకు కాదు, అవసరం.

శ్రీశైలం దారి ఇంకో మంచి పరీక్ష. దేవరకొండ మీదుగా డిండికి, అక్కడి నుంచి మన్ననూరు, దోమలపెంట దాటి ఘాట్‌లో కృష్ణ వైపు దిగి, మళ్లీ సున్నిపెంటకు ఎక్కాలి. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజన్ బిగపట్టడం రెండు బండ్లలోనూ బాగానే పనిచేస్తుంది. ఎక్కేటప్పుడు నిండు బండి 800 రెండో గేరు వదలదు, ఏసీ కట్టేయాల్సి వస్తుంది. ఎక్కదని కాదు. ఈ ఘాట్ మీద ఏళ్ల తరబడి వేల 800లు ఎక్కి దిగాయి. అయితే నింపాదిగా ఎక్కుతుంది, వేడెక్కుతుంది.

కార్బొరేటర్ చేసే పని, ఇంజెక్షన్ చేసే పని

పోషణలో తేడా అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి కొంచెం ఆగి చూద్దాం.

పెట్రోల్ గాలితో కలిస్తేనే మండుతుంది. మామూలు పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక కిలో పెట్రోల్‌కు 14.7 కిలోల గాలి కావాలి. ఈ పాళ్లు కుదర్చడమే కార్బొరేటర్ పని. ఇంజన్ పీల్చే గాలి ఒక ఇరుకు గొట్టంలోంచి వేగంగా పోతుంది. అక్కడ ఒత్తిడి తగ్గి, జెట్ అనే సన్నని రంధ్రంలోంచి పెట్రోల్ పైకి లాక్కుని వస్తుంది. ఎంత పెట్రోల్ రావాలో నిర్ణయించేది ఆ రంధ్రం సైజు. ఫ్యాక్టరీలో ఎంత పెడితే అంతే.

కార్బొరేటర్ విప్పినప్పుడు పక్కన ఉండి చూడండి. అందులో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున సన్నటి తెల్లటి పొడి, దాని కింద నీటి బొట్లు కనిపిస్తాయి. మెకానిక్ ఇత్తడి జెట్‌ను వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకు పెట్టి, గాలి ఊది, మళ్లీ చూస్తాడు. రంధ్రం వెంట్రుక మందం మూసుకున్నా స్లోలో, అంటే యాక్సిలరేటర్ వదిలి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, బండి ఆగిపోతుంది. పాత బండి జబ్బులు ఇలా కంటికి కనిపిస్తాయి, చేతికి తగులుతాయి. స్క్రూడ్రైవర్, తీగముక్క, అనుభవం ఉంటే చాలావరకు నయమైపోతాయి.

కె10లో జెట్ లేదు. లోపలికి వచ్చే గాలి ఎంత, దాని వేడి ఎంత, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు అని సెన్సర్లు చెబుతాయి. ఈసీఎం అనే చిన్న కంప్యూటర్ ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకోవాలో లెక్క కడుతుంది. సైలెన్సర్ గొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ పొగను చూసి తప్పు ఉంటే మళ్లీ కబురు పంపుతుంది. పాళ్లు తప్పితే తనంతట తానే సర్దుకోవడం కొత్త బండికి వచ్చు, పాతదానికి రాదు. మైలేజీ, పొద్దున్నే స్టార్టింగ్, పొగ, ఇథనాల్ గొడవ అన్నీ ఈ ఒక్క తేడా నుంచే పుడుతున్నాయి.

దీనికి వెలా ఉంది. సెన్సర్ పోతే స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. చెవితో విని జబ్బు చెప్పే పాత మెకానిక్‌కు ఇక్కడ చేతులు కట్టేసినట్టే. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో స్కానర్ ఉన్న షెడ్లకు కొదువ లేదు. చిన్న ఊళ్లో ఆదివారం సాయంత్రం చెక్ ఇంజన్ లైట్ వెలిగితే మాత్రం సోమవారం దాకా ఆగాల్సి రావచ్చు. పైగా విప్పి శుభ్రం చేసే పార్టులు తగ్గి, మొత్తంగా మార్చే పార్టులు పెరిగాయి. వడ్లు, పత్తి నిల్వ ఉండే ఇళ్ల దగ్గర ఎలుకలు వైర్లు కొరకడం కూడా కొత్త బండికే పెద్ద ఖర్చు. పాతదాంట్లో వాటికి దొరికే వైరే తక్కువ.

ఇరవై శాతం ఇథనాల్: భయంలో ఎంత నిజం

ఇ20 అంటే నూటికి 80 పాళ్లు పెట్రోల్, 20 పాళ్లు ఇథనాల్. 2025 నాటికి దేశమంతా బంకుల్లో దాదాపు ఇదే దొరుకుతోంది. దీనిపై వాదన మూడు విషయాల మీద నడుస్తోంది.

మొదటిది మైలేజీ. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో సుమారు 21 ఉంటుంది. ఆ లెక్కన లీటరు ఇ20లో 29.8, అంతకుముందు పోసుకున్న ఇ10లో (10 పాళ్ల ఇథనాల్) 30.9. అంటే ఇ10 నుంచి ఇ20కి వస్తే శక్తి సుమారు 3.6 శాతం తగ్గుతుంది. లీటరుకు 15 ఇచ్చే 800 ఈ లెక్కన 14.5 ఇవ్వాలి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే రెండున్నర లీటర్లు ఎక్కువ పడుతుంది. కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంది: ఇ10 కోసం తయారై ఇ20కి తగ్గట్టు సర్దిన కార్లలో 1 నుంచి 2 శాతం, మిగతా వాటిలో 3 నుంచి 6 శాతం. ఇంతకంటే చాలా ఎక్కువ పడిపోయిందని చెప్పే యజమానులూ ఉన్నారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని అనలేం. ఇంధనంలో ఉన్న శక్తి ఒక్కటే చూస్తే అంత తేడా రాకూడదు, కాబట్టి మిగతాది ట్యూనింగ్‌లోనో, టైర్ల గాలిలోనో, నడిపే తీరులోనో వెతకాలి.

ఆ ట్యూనింగ్ దగ్గరే రెండో విషయం ఉంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఇప్పటికే కలిసి ఉంటుంది. అందువల్ల ఇ20కి 14.7 కిలోల గాలి అక్కర్లేదు, సుమారు 13.5 చాలు. కె10లో ఈసీఎం ఇది గమనించి ఇంజెక్టర్‌ను ఇంకాస్త ఎక్కువసేపు తెరుస్తుంది. 800లో జెట్ పాతదే గనక మిశ్రమం పలచబడుతుంది. పికప్ తగ్గడం, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం తడబడడం, ఇంజన్ మామూలుకంటే వేడెక్కడం దీని గుర్తులు. మిక్శ్చర్ స్క్రూ తిప్పితే స్లోలోనే సరిపోతుంది, రోడ్డు మీద పరుగుకు పనికిరాదు. దానికి జెట్టే ఒక సైజు పెద్దది వేయాలి.

మూడోది రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు, ఫ్లోట్ లాంటి భాగాలు. పాత రబ్బరు ఇథనాల్‌కు ఉబ్బి, తర్వాత పగులుతుంది. ఇథనాల్ గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. నెలల తరబడి కదలకుండా ఉన్న బండిలో ఆ తేమ ట్యాంకులోనూ ఫ్లోట్ గిన్నెలోనూ చేరి తుప్పు పట్టిస్తుంది. పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని, ఆ ఖర్చు తక్కువేనని ప్రభుత్వం అంటోంది. తక్కువ ఖర్చే కావచ్చు, కానీ ఆ ఖర్చు తమ మీదే ఎందుకు పడాలి, ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అమ్మవచ్చు కదా అన్నది యజమానుల ప్రశ్న. ఆ అవకాశం ఇవ్వాలని కోరిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. ఇంజన్‌కు వచ్చే నష్టం గురించి భయం కాస్త ఎక్కువైందనే నా అభిప్రాయం. ఎంచుకునే వీలు ఉండాలన్న వాదనలో మాత్రం న్యాయం ఉంది.

నల్లగొండ ఎండ, బోరు నీళ్లు

మే నెలలో నల్లగొండ 44, 45 డిగ్రీలు చూడడం కొత్తేమీ కాదు. 800లో పెట్రోల్ పంపు ఇంజన్‌కే ఆనుకుని ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆ వేడికి పైపులో పెట్రోల్ మరిగి ఆవిరవుతుంది. ఆవిరిని పంపు నెట్టలేదు, బండి ఆగిపోతుంది. దీన్నే వేపర్ లాక్ అంటారు. పైపు మీద తడిగుడ్డ కప్పి పావుగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. కె10లో పంపు ట్యాంకు లోపలే ఉండి ఎక్కువ ఒత్తిడితో నెడుతుంది. ఒత్తిడిలో ఉన్న పెట్రోల్ అంత తేలిగ్గా మరగదు.

నీళ్ల సంగతి ఎండ కంటే ముఖ్యం. బండి వేడెక్కగానే దగ్గర్లో ఉన్న చేను బోరు నీళ్లు రేడియేటర్‌లో పోయడం మన దగ్గర పాత అలవాటు. షెడ్డుకు వచ్చిన బండి రేడియేటర్ మూత తీయగానే మెకానిక్ "అన్నా, బోరు నీళ్లు పోసినవా?" అని అడిగేది అందుకే. ఆ నీళ్లలోని సున్నపు లవణాలు వేడికి పేరుకుని సన్నటి గొట్టాల్లో తెల్లటి పొరగా కడతాయి. నాలుగేళ్లు అలా పోస్తే రేడియేటర్ ఉన్నా లేనట్టే. తర్వాత వంతు ఇంజన్ పై భాగం కింద బిగించే హెడ్ గ్యాస్కెట్‌ది. ఈ విషయంలో రెండు బండ్లకూ తేడా లేదు, కూలెంట్ కలిపిన శుద్ధమైన నీళ్లే కావాలి. 800 విషయంలో మనకు కలిసొచ్చేది ఒకటుంది. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి సముద్రతీరపు ఊళ్లతో పోలిస్తే బాడీ తుప్పు తక్కువ. అదే పొడి గాలి వెంట వచ్చే ఎర్రమట్టి దుమ్ము మాత్రం ఎయిర్ ఫిల్టర్ మీద పడుతుంది.

సర్వీసుకు వస్తే, 800 ఆయిల్‌ను సుమారు 5,000 కిలోమీటర్లకు మార్చడం వాడుక. కె10కు 10,000 లేదా ఏడాది. 800లో ఇంజన్ వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ బెల్ట్ రబ్బరుది, వేళకు మార్చకపోతే తెగి బండి ఉన్నచోటే ఆగుతుంది. కె10లో చైన్ ఉంటుంది. పార్టుల కొరత వస్తుందని చాలామంది భయపడతారు గానీ, ఇదే 796 సీసీ ఇంజన్ ఉన్న ఓమ్ని వ్యాన్ 2019 వరకు తయారైంది. ఇంజన్ పార్టులు ఇక్కడే దొరుకుతాయి. లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి. దొరకడం కష్టమయ్యేవి డోర్ రబ్బర్లు, లోపలి ప్లాస్టిక్ లాంటివి.

నెలకు 300 కిలోమీటర్లు, నెలకు 1,000 కిలోమీటర్లు

లెక్క కోసం లీటరు 108 రూపాయలు, రోడ్డు మీద 800 మైలేజీ 15, కె10 మైలేజీ 20 అనుకుందాం. కంపెనీ కె10కు చెప్పేది 24.39. ఏసీతో, మన రోడ్ల మీద అంత ఆశించకూడదు.

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే 800కు 7,200 రూపాయలు, కె10కు 5,400. తేడా 1,800. నెలకు 300 కిలోమీటర్లే అయితే తేడా 540.

ఇప్పుడు కె10 కోసం 4 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ సుమారు 8,300. పెట్రోల్ మీద మిగిలే డబ్బుతోనే ఆ ఈఎంఐ తీరాలంటే నెలకు 4,600 కిలోమీటర్లు తిరగాలి. సొంత పనులకు వాడే కారు అంత తిరగదు. అంటే "మైలేజీ కోసం కొత్త కారు" అన్న మాట లెక్కకు నిలవదు. 800 మరమ్మతులకు ఏడాదికి 25,000 పెట్టినా నెలకు దాదాపు 2,100 పడుతుంది, ఈఎంఐలో నాలుగో వంతు మాత్రమే. బీమాలోనూ పాత బండికే కొంచెం మిగులు. రెండూ 1,000 సీసీ లోపువే గనక 2022లో ఖరారైన థర్డ్ పార్టీ ప్రీమియం రెండింటికీ దాదాపు ఒకటే, ఏడాదికి సుమారు 2,100 రూపాయలు. కొత్త బండికి సొంత నష్టం బీమా కూడా తీసుకుంటారు కాబట్టి దాని బిల్లు పెద్దదవుతుంది.

ఈ లెక్కలో రాని ఖర్చు ఒకటుంది, అది మనిషి సమయం. కూతురిని పరీక్షకు తీసుకెళ్లే పొద్దున బండి స్టార్ట్ కాకపోతే దానికి ఎంత రేటు కట్టాలో ఎవరింటి లెక్క వాళ్లదే. నెలకు 300 కిలోమీటర్లు, అదీ ఊళ్లోనే తిరిగే రిటైరైన మాస్టారుకు 800 చాలు. వారానికి రెండుసార్లు హైదరాబాద్ వెళ్లి వచ్చేవాళ్లకు చాలదు.

గుద్దుకుంటే ఏమవుతుంది

800లో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. కె10లో ఏబీఎస్, బండి పక్కకు జారకుండా పట్టే ఈఎస్‌పీ ఉన్నాయి. 2025 మార్చి నుంచి ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ ఇస్తున్నారు. "పాత రేకు మందం" అన్న వాదన ఇక్కడ నిలబడదు. 650 కిలోల కారులో మందమైన ఇనుముకు చోటెక్కడిది? అలాగని కొత్తది కోట గోడ అనుకోవడమూ తప్పే. కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2023 పరీక్షలో, అప్పటి రెండు ఎయిర్‌బ్యాగుల కె10కు పెద్దల రక్షణలో 2 స్టార్లు, పిల్లల రక్షణలో సున్నా వచ్చాయి. పాతదానికంటే ఎంతో మేలు, కానీ మార్కెట్లో ఉన్న వాటిలో మెరుగైనది కాదు. డబ్బు లెక్కలో గెలిచే 800 హైవే మీద ఓడిపోయేది ఇక్కడే.

పదిహేనేళ్లు దాటితే మన దగ్గర నియమం ఏమిటి

పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బండ్ల నిషేధం గురించి వార్తల్లో వచ్చేది ఢిల్లీ పరిసర ప్రాంతానిది. తెలంగాణలో సొంత కారుకు వయసును బట్టి అలాంటి నిషేధం లేదు. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత బండిని తనిఖీ చేయించి ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేసుకోవచ్చు. కార్లకు ఆ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్‌లో 5,000కు, 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000కు పెంచింది. రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. 1998 నాటి 800కు ఐదేళ్ల మీద 10,000 పంచితే రెన్యువల్ ఫీజు నెలకు 167 రూపాయలు.

పొల్యూషన్ సర్టిఫికెట్ విషయంలోనూ ఒక అపోహ ఉంది. పాత బండి కొత్త బండి ప్రమాణాలకు తూగాల్సిన పని లేదు, అది తయారైన కాలానికి వర్తించే హద్దులోపల ఉంటే చాలు. ట్యూనింగ్ సరిగ్గా ఉన్న కార్బొరేటర్ 800 ఆ పరీక్ష దాటుతుంది. పైగా ఇ20తో మిశ్రమం పలచబడుతుంది కాబట్టి పొగలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది. పికప్ పోయిందని మెకానిక్ దగ్గరికి వెళ్లిన బండే పొల్యూషన్ మిషన్ దగ్గర ఇంతకుముందుకంటే తక్కువ రీడింగ్ చూపిస్తే అందుకు కారణం అదే.